నమ్మడం వేరు, ఆధారపడటం వేరు: గోదావరి డెల్టాలో కౌలు, అప్పు, నోటిమాట

క్లుప్తంగా: ఒకరి మీద ఆధారపడాలంటే వాళ్లు ఫలానా విధంగా నడుచుకుంటారన్న అంచనా ఉంటే చాలు. నమ్మాలంటే అది చాలదు. వాళ్లు మనకు బాధ్యులన్న భావన కూడా ఉండాలి. అందుకే అంచనా తప్పితే నిరాశ కలుగుతుంది, నమ్మకం తప్పితే ద్రోహం జరిగిందనిపిస్తుంది. డెల్టాలో కౌలు, రొయ్యల మేత అప్పు, చిట్టీలు, ధాన్యం కొనుగోలు వివాదాల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతున్నాయి. ఆ గందరగోళంలో ఎక్కువగా నష్టపోయేది వేరే దారి లేనివాళ్లే.

గోదారి పెరిగితే ఎవరిని అడుగుతారు?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ అవుతుంది. నది పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో పశువులను ఏటిగట్టు మీదికి తోలడం, ధాన్యం బస్తాలు ఎత్తుకు చేర్చడం, పిల్లల్ని బంధువుల ఇళ్లకు పంపడం ఈ అంకెల్ని బట్టే సాగుతాయి. వీటికి తోడు పెద్దల అనుభవం ఉంటుంది: ఏ నెలలో నీళ్లు ఎంతవరకు వస్తాయి, ఎప్పుడు తీస్తాయి అన్నది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులతో వచ్చిన వరద ముందు ఆ అనుభవం ఏదీ నిలవలేదు. ఊళ్లు మునిగాయి, బతుకులు చెదిరాయి. అయినా గోదావరి మాట తప్పిందని పంచాయితీ పెట్టేవాళ్లు ఉండరు. గట్టు బలంగా ఉంచాల్సినవాళ్లను, ముందుగా కబురు అందించాల్సినవాళ్లను మాత్రం ఏ వరదలోనైనా నిలదీస్తారు.

నష్టం ఒకటే అయినా నదిని అడగనిది మనిషిని అడుగుతాం. నమ్మకం గురించి తత్త్వవేత్తలు చేస్తున్న చర్చ మొత్తం ఈ తేడా చుట్టూ తిరుగుతోంది.

యాదృచ్ఛికమే గానీ, అదే 1986లో న్యూజిలాండ్‌లో పుట్టి అమెరికాలో పాఠాలు చెబుతున్న ఆనెట్ బేయర్ అనే తత్త్వవేత్త ఈ చర్చకు పునాది వేసిన వ్యాసం ప్రచురించారు. అందులో ఆమె జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. కాంట్ రోజూ ఒకే వేళకు నడకకు బయల్దేరేవాడని, ఇరుగుపొరుగువాళ్లు ఆయన్ని చూసి తమ వేళలు సరిచూసుకునేవారని ప్రసిద్ధి. ఒకరోజు కాంట్ ఆలస్యంగా నిద్ర లేచాడనుకుందాం. పొరుగువాళ్ల పనులు అటూ ఇటూ అవుతాయి, కాస్త చిరాకు పడతారు. కానీ తమకు ద్రోహం చేశాడని కాంట్ మీద కోపగించుకునే హక్కు వాళ్లకు లేదు. వాళ్లు ఆయన అలవాటు మీద ఆధారపడ్డారు, అంతే. ఆయన వాళ్లకు ఏ మాటా ఇవ్వలేదు.

బేయర్ కంటే ముందే, 1962లో, బ్రిటిష్ తత్త్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ ఇంకో కోణం నుంచి ఇలాంటి తేడానే చూపారు. ఎదుటివ్యక్తిని మనిషిగా, మనతో సమానంగా జవాబు చెప్పాల్సినవాడిగా చూసినప్పుడే ఆగ్రహం, కృతజ్ఞత, క్షమ లాంటివి పుడతాయని ఆయన వాదన. యంత్రాన్నీ వాతావరణాన్నీ అలా చూడం. 1994లో రిచర్డ్ హోల్టన్ ఈ ఆలోచనను నమ్మకానికి అన్వయించారు. నమ్మడమంటే ఆధారపడుతూనే, ఆ ఆధారం నిలిస్తే కృతజ్ఞత చూపడానికీ, కూలితే నొచ్చుకోవడానికీ సిద్ధంగా ఉండటం అన్నారు.

బాధ్యత తీసుకున్నదెవరు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నొచ్చుకోవడమే కొలమానమైతే, ఎవరైనా ఎవరి మీదైనా నొచ్చుకోవచ్చు. పక్క చేను రైతు మూడేళ్లుగా తన మోటారు నీళ్లు ఇస్తున్నాడు. నాలుగో ఏడు ఇవ్వలేదు. ఇతను నొచ్చుకున్నాడు. అంటే అతను ద్రోహం చేసినట్టేనా?

కేథరిన్ హాలీ అనే బ్రిటిష్ తత్త్వవేత్త 2014లో దీనికి ఒక స్పష్టమైన జవాబు ఇచ్చారు. ఎదుటివ్యక్తి ఆ పని చేస్తానని బాధ్యత తీసుకున్నాడని, ఆ బాధ్యతకు కట్టుబడతాడని అనుకుని అతని మీద ఆధారపడితే అది నమ్మకం. బాధ్యత ఉంది గానీ నిలబెట్టుకోడనుకుంటే అది అపనమ్మకం. అసలు బాధ్యతే లేనిచోట రెండూ ఉండవు. పొరుగు రైతు నీళ్లిస్తాడని ఆశపడకపోవడం అతన్ని అవమానించడం కాదు. అతను ఇవ్వకపోవడం మోసమూ కాదు. ఈ మూడో స్థితిని గుర్తించడం వల్ల చాలా తగువులు తేలికవుతాయి, ఎందుకంటే మనుషుల మధ్య ఉండే సంబంధాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది.

డెల్టా కాలువల్లో ఈ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. 1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లిస్తున్నాయి. సార్వాలో (ఖరీఫ్) సాధారణంగా నీటికి కొదవ ఉండదు. దాళ్వాలో (రబీ) నది సన్నబడ్డాక ఎగువనున్న సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీటిని చూసుకుని, వంతుల వారీగా కాలువలకు వదలాల్సి వస్తుంది. శివారు భూముల రైతు ఈ గొలుసులో చాలామంది మీద ఆధారపడతాడు. సీలేరులో నీళ్లు ఉంటాయన్నది అంచనా. ఎగువ రైతు తూముకు అడ్డంగా గడ్డి కుక్కకుండా ఉంటాడన్నది వంతు ఒప్పుకున్నాడు కాబట్టి కలిగే నమ్మకం. లస్కరు వేళకు షట్టర్ ఎత్తుతాడన్నది కూడా నమ్మకమే, అది అతని ఉద్యోగం కాబట్టి. సీలేరు తగ్గినందుకు పడే బాధ, అర్ధరాత్రి ఎవరో తూము మూసేసినందుకు వచ్చే కోపం ఒకటి కావు. 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడినప్పుడు జరిగింది కూడా ఇదే: అప్పటివరకు ఆనవాయితీగా ఉన్న కొన్ని ఆశలకు ఒక సంఘం బాధ్యత పడింది. దానితోపాటే ఆ సంఘాన్ని నిలదీసే అవకాశమూ వచ్చింది.

ధర పడటంలో రెండు రకాలు

2025 ఆగస్టులో భారత్ నుంచి వెళ్లే చాలా సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం విధించినప్పుడు రొయ్యల రైతులు తల్లడిల్లారు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, కొనేదేశాల్లో అమెరికాది. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద టెన్షన్ ఎంతున్నా, ఈ నష్టం స్వభావం వేరు. అమెరికా మార్కెట్ తెరిచే ఉంటుందని పశ్చిమ గోదావరి రైతుకు ఎవరూ మాట ఇవ్వలేదు. రైతు ఒక పరిస్థితి మీద ఆధారపడ్డాడు, ఆ పరిస్థితి మారింది. దానికి మందు ఒకే మార్కెట్ మీద బరువు తగ్గించుకోవడం, స్థానిక వినియోగం పెంచుకోవడం లాంటి ఏర్పాట్లలో ఉంటుంది.

అదే గట్టు మీద ఇంకొకటి జరుగుతుంది. కొనుగోలుదారు వచ్చి చూసి ఈ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఇంత అని ధర ఒప్పుకుంటాడు. రైతు మనుషుల్ని పెట్టుకుని పట్టుబడి మొదలుపెడతాడు. సగం సరుకు ఒడ్డుకు వచ్చాక కౌంటు తేడాగా ఉందనో, పైనుంచి రేటు తగ్గించమన్నారనో ధర కోస్తారు. పట్టిన రొయ్యను మళ్లీ చెరువులో వదలలేరు. కిలోకు పోయేది సుంకాల దెబ్బకంటే తక్కువే కావచ్చు. కానీ ఇక్కడ మాట ఇచ్చిన మనిషి ఉన్నాడు, కాబట్టి ఇది ద్రోహం. దీనికి మార్కెట్లు మార్చుకోవడం మందు కాదు. మాట తప్పినవాడు జవాబు చెప్పే ఏర్పాటు కావాలి.

వరిలో కూడా ఇంతే. బయటి మార్కెట్‌లో ధాన్యం ధర తగ్గితే అది అంచనా తప్పడం. కనీస మద్దతు ధర అలా కాదు, ప్రభుత్వం పేరు పెట్టి, అంకె చెప్పి, కొంటామని ప్రకటించింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం పాటించినప్పుడు గిట్టుబాటు లేకపోవడం, కూలి ఖర్చులు, మురుగు కాలువలు బాగుచేయకపోవడం అన్నీ కారణాలుగా చెప్పారు. ఆ నిరసన ఎవరికి ఎదురుగా నిలిచిందో గమనించాలి. వ్యాపారి ముందు ఎవరూ పంట విరామం ప్రకటించరు. బాధ్యత తీసుకున్నవాడి ముందే ప్రకటిస్తారు.

చెక్కు పెట్టుకుని ఇచ్చే నమ్మకం

రొయ్యల సాగులో పెద్ద ఖర్చు మేత. చాలామంది దాన్ని డీలరు దగ్గర అప్పుగానే తెచ్చుకుంటారు. పంట పట్టాక లెక్క చూసుకుంటారు. డీలరు "నీ మీద నమ్మకంతో ఇస్తున్నా" అంటాడు. రైతు సంతకం చేసిన ఖాళీ చెక్కో, ప్రామిసరీ నోటో అదే సమయంలో అతని బీరువాలోకి వెళుతుంది.

ఇందులో తప్పు పట్టాల్సింది చెక్కు తీసుకోవడాన్ని కాదు. లక్షల్లో సరుకు ఇస్తున్నవాడు హామీ అడగడం న్యాయం. కానీ ఏది దేని మీద నిలబడిందో స్పష్టంగా చూడాలి. డీలరు ఆధారపడుతున్నది చెక్కు చెల్లకపోతే కేసు పెట్టగల చట్టం మీద. రైతు మాత్రం నిజంగానే నమ్ముతున్నాడు: మేత నాణ్యత బిల్లులో రాసినట్టే ఉందని, వడ్డీ చెప్పినంతే వేస్తారని, ఖాళీ చెక్కులో ఇష్టమొచ్చిన అంకె రాయరని. ఈ మూడింటికీ అతని చేతిలో ఏ కాగితమూ లేదు. మాటల్లో నమ్మకం చూపిస్తున్నది డీలరు, నమ్మకం పెట్టి కూర్చున్నది రైతు.

రొయ్య పిల్ల విషయంలో కొంత మార్పు వచ్చింది. హేచరీ నుంచి తెచ్చే పిల్లకు తెల్లమచ్చ వ్యాధి ఉందో లేదో కంటికి తెలియదు. పీసీఆర్ పరీక్ష రిపోర్టు చూసుకునే అలవాటు వచ్చాక హేచరీ యజమాని మాట మీద ఉన్న బరువు కొంత ల్యాబు మీదికి మారింది. నమ్మకం మాయం కాలేదు, చోటు మారింది. రిపోర్టు నిజాయితీగా రాశారన్న నమ్మకం అవసరం అలాగే ఉంది.

కాగితం అడిగితే అవమానమా?

బంధువుల మధ్య అప్పుల్లో ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. ఆలోపు కొంత చెల్లించి నోటు వెనక చెల్లు రాయాలి, లేదా నోటు తిరగరాయాలి. అప్పిచ్చిన బావమరిది మూడో ఏట నోటు తిరగరాయమని అడిగితే ఇంట్లో మాట వస్తుంది, "మనల్నే నమ్మట్లేదు" అని. నిజానికి అతను అడుగుతున్నది చట్టం పెట్టిన గడువు దాటకూడదని.

కాగితం నమ్మకాన్ని చంపుతుందన్న వాదనలో కొంత నిజం ఉంది. ప్రతి అడుగూ తనిఖీ చేసేవాడు నమ్ముతున్నానంటే ఎవరూ ఒప్పుకోరు. అయితే కాగితం చేసే పని అంతకన్నా పరిమితమైనది. ఎంత మొత్తం, ఏ తేదీ, ఎంత వడ్డీ అన్నవాటిని నమ్మకం పరిధిలోంచి తీసి పక్కన పెడుతుంది. తీర్చేవాడు అనారోగ్యం పాలైతే ఒత్తిడి చేయకపోవడం, పెళ్లి ఖర్చు వచ్చినప్పుడు గడువు పెంచడం లాంటి రాయలేని విషయాలకు నమ్మకం ఇంకా కావాలి. జ్ఞాపకాలు తేడా వచ్చి విడిపోయే సంబంధాలను కాగితం కాపాడుతుంది. దాన్ని అవమానంగా చూడటం వల్ల మిగిలేది ఎక్కువగా గొడవలే.

ఏజెంటు ముఖం, కంపెనీ పేరు

అగ్రిగోల్డ్ వ్యవహారం ఈ తేడాను క్రూరంగా చూపించింది. 30 లక్షలమందికి పైగా డిపాజిటర్లున్న ఆ సంస్థలో 2015 నాటికి చెల్లింపులు నిలిచిపోయి, కేసులు నమోదయ్యాయి. డబ్బు కట్టినవాళ్లలో చాలామంది కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ చూసి కట్టలేదు. ఊళ్లో ఏజెంటును చూసి కట్టారు. అతను మేనమామ కొడుకు, లేదా పక్కవీధి టీచరు, లేదా డ్వాక్రా గ్రూపులో తోటి సభ్యురాలు. ఆ మనిషి మంచివాడే. అతని నిజాయితీ గురించి ఊరికి తెలిసినదంతా నిజమే. కానీ కంపెనీ డబ్బు ఎటు పోతోందో అతనికీ తెలియదు.

నమ్మకాన్ని తెలిసినచోట సంపాదించి, తెలియనిచోట ఖర్చుపెట్టే పద్ధతి ఇది. కూలినప్పుడు కోపం మళ్లీ తెలిసిన ముఖం మీదికే వచ్చింది. ఏజెంట్లు ఊళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది, కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. అనధికారిక చిట్టీపాటల్లోనూ ఇదే వరస చిన్న స్థాయిలో కనిపిస్తుంది.

బ్రిటిష్ తత్త్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో ఈ అంశాన్నే తీసుకున్నారు. సమాజంలో నమ్మకం తగ్గిపోయిందని వాపోవడం, దాన్ని పెంచాలనుకోవడం సరైన లక్ష్యం కాదన్నది ఆమె వైఖరి. నమ్మదగినవాళ్లను నమ్మాలి, తగనివాళ్లను నమ్మకూడదు. దానికి కావాల్సింది ఏ విషయంలో, ఏ ఆధారంతో నమ్ముతున్నామో చూసుకునే వీలు. ఏజెంటును వేళకు రసీదు తెచ్చిస్తాడని నమ్మవచ్చు. కంపెనీ పెట్టుబడుల విషయంలో అతన్ని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

తెలియకుండానే పడిన భారం

ఆధారపడటం ఎప్పుడూ ఎంచుకున్నది కానక్కర్లేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. లీకుల గురించి ముందే చెప్పామని గ్రామస్తులు అప్పట్లో అన్నారు. పైపు పక్కన నిద్రపోయినవాళ్లు దాని నిర్వహణ మీద ప్రతి రాత్రీ ఆధారపడ్డారు, ఎవరూ వాళ్లను అడగకుండానే. ఇలాంటిచోట "ప్రజలు మమ్మల్ని నమ్మాలి" అని ఏ సంస్థ అన్నా ఆ మాటకు బలం ఉండదు. ముందు ఆధారపడేలా చేసినవాడికే ముందుగా జవాబుదారీ ఉంటుంది. నమ్మడం, నమ్మకపోవడం ఆ తర్వాత ప్రజల ఇష్టం.

కౌలు: ఇద్దరిలో ఎవరు ఎవర్ని నమ్ముతున్నారు?

డెల్టాలో చాలా ఊళ్లలో పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాటతో కుదురుతుంది. చాలాచోట్ల సార్వా పంటలో ఎక్కువ భాగం కౌలుకే పోయి, దాళ్వా మీదే రైతుకు నాలుగు రాళ్లు మిగలాలి. 1996 నవంబరు తుఫాను లాంటిది వచ్చినప్పుడు కౌలు తగ్గించాలా వద్దా అన్నది యజమాని మనసును బట్టి ఉంటుంది. తగ్గించే యజమానులు ఉన్నారు. తరాలుగా ఒకే కుటుంబం చేతిలో పొలం ఉంచినవాళ్లూ ఉన్నారు. నోటిమాటలో నిజమైన నమ్మకం ఉన్నచోటు అది, దాన్ని తక్కువ చేయకూడదు.

అమెరికన్ రాజకీయ శాస్త్రవేత్త రసెల్ హార్డిన్ దీన్ని ఇంకోలా వివరిస్తారు. సంబంధం కొనసాగడంలో ఎదుటివాడికి లాభం ఉంటే, నా ప్రయోజనం అతని ప్రయోజనంలో ఇమిడి ఉంటుంది, అందుకే నమ్ముతాను అంటారు. మంచి కౌలుదారు దొరకడం కష్టమైన ఊళ్లో ఇది పనిచేస్తుంది. ఇద్దరూ ముగ్గురూ పోటీపడి ఇంకో రెండు బస్తాలు ఎక్కువిస్తామనే ఊళ్లో పనిచేయదు. అక్కడ యజమానికి ఈ రైతుతోనే కొనసాగాలన్న అవసరం లేదు. అంటే హార్డిన్ లెక్క బలాబలాలు సరిసమానంగా ఉన్నచోటికి సరిపోతుంది, కౌలులో అవి అరుదుగా సమానం.

ఇబ్బంది కాగితం దగ్గర మొదలవుతుంది. 2011 చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 11 నెలల గడువుతో పంట సాగుదారు హక్కుల కార్డు ఇస్తోంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం కౌలుదారుకు అందాలన్నది ఉద్దేశం. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతుంది. కార్డు రావాలంటే యజమాని అంగీకారం, సంతకం కావాలి. కౌలుదారు సంతకం అడిగితే తరచూ వచ్చే జవాబు: "ఏం, మామీద నమ్మకం లేదా?" కౌలుదారు "అది కాదండి" అని నసిగి ఊరుకుంటాడు. మళ్లీ అడిగితే వచ్చే ఏడు పొలం ఉండకపోవచ్చు.

పైన చెప్పిన తేడాతో చూస్తే ఈ సంభాషణ తలకిందులుగా కనిపిస్తుంది. సంతకం అడిగినవాడు అప్పటికే పెట్టుబడి పెట్టి, విత్తనం చల్లి, నోటిమాట మీద ఉన్నాడు. పంట మునిగితే పరిహారం యజమాని ఖాతాలో పడే ప్రమాదం ఉన్నా దిగాడు. అతనికి ఇంకో దారి లేదు కాబట్టి దాన్ని నమ్మకం అనడం కూడా పూర్తిగా సరికాదు, చాలావరకు అది విధిలేని ఆధారం. నమ్మకం లేనిది యజమానికి. కార్డు ఇస్తే రేపు పొలం మీద హక్కు అడుగుతాడన్న భయం అతనిది. అపనమ్మకం ఉన్నవాడు, దాన్ని దాచి, ఎదుటివాడిని నమ్మమని అడుగుతున్నాడు.

యజమాని భయం గాల్లోంచి రాలేదు. 1956 నాటి కౌలు చట్టం కౌలుదారుకు కొన్ని రక్షణలు ఇచ్చింది. ఆ జ్ఞాపకం భూస్వామ్య కుటుంబాల్లో ఇప్పటికీ ఉంది. చట్టాలు ప్రభుత్వం మారగానే మారతాయన్నది కూడా వాళ్ల అనుభవమే. ఇవాళ 11 నెలలు అన్నవాళ్లు రేపు ఇంకేమంటారో అన్న సందేహం వాళ్లను సంతకానికి దూరం పెడుతోంది. ఇందులో కౌలుదారు గుణం గురించిన సందేహం చాలా తక్కువ. ఇరవై ఏళ్లుగా తెలిసిన రైతుకు ఇంటి తాళాలు ఇచ్చే యజమాని, అదే రైతు కార్డు కోసం సంతకం పెట్టడు.

అందువల్ల గ్రామసభల్లో యజమానులకు నచ్చజెప్పడం, కౌలుదారులు మంచివాళ్లని భరోసా ఇవ్వడం పెద్దగా ఫలితం ఇవ్వవు. యజమాని సంతకం అవసరం లేకుండా, పొలంలో ఎవరు సాగు చేస్తున్నారో ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో చూసి కార్డు ఇవ్వాలన్న డిమాండ్ ఎప్పటినుంచో ఉంది. అలా చేస్తే కౌలుదారు ఆధారం యజమాని దయ నుంచి ఆఫీసు రికార్డు మీదికి మారుతుంది. పరిహారం, రుణం విషయంలో అతనికి అది పెద్ద మేలు. కానీ భయం తీరని యజమాని ఏటా కౌలుదారుని మార్చడం మొదలుపెట్టవచ్చు, లేదా పొలాన్ని చెరువుగా తవ్వించవచ్చు. ఆ ప్రమాదం తగ్గాలంటే కార్డు భూమి హక్కుకు సాక్ష్యం కాదన్న నిబంధన ప్రభుత్వాలు మారినా నిలుస్తుందని యజమానికి నమ్మకం కలగాలి. కౌలు కార్డు తగువు పైకి కౌలుదారుకూ యజమానికీ మధ్య ఉన్నట్టు కనిపిస్తుంది. తప్పిపోయిన నమ్మకం మాత్రం యజమానికీ ప్రభుత్వానికీ మధ్యది, దాని ఖర్చు భరిస్తున్నది కౌలుదారు.